మొదటి మెయిల్‌లోనే క్లయింట్ వెబ్‌సైట్ తప్పులు ఎత్తి చూపడం సరైనదేనా?

సైనిక్‌పురి_వెబ్

నాలుగేళ్ళుగా సొంతంగా వెబ్‌సైట్లు చేస్తున్నాను. ఇప్పటిదాకా వచ్చిన పనంతా తెలిసినవాళ్ళు చెప్పగా వచ్చిందే. ఈ ఏడాదే మొదటిసారి ముక్కూ మొహం తెలియని కంపెనీలకు మెయిల్స్ రాయడం మొదలుపెట్టాను. పోయిన వారం జీడిమెట్ల వైపు వాల్వులు తయారుచేసే ఒక చిన్న కంపెనీకి రాశాను. రాసే ముందు వాళ్ళ సైట్ రెండు గంటలు కూర్చుని చూశాను. ఫోన్‌లో మెనూ తెరుచుకోదు, ఫోటోలు ఒక్కోటి ఐదారు ఎంబీ ఉన్నాయి, స్పెల్లింగులు తప్పు, సెక్యూరిటీ సర్టిఫికెట్ గడువు అయిపోయి 'సురక్షితం కాదు' అని బ్రౌజర్ హెచ్చరిక కూడా వస్తోంది. మొత్తం పదకొండు పాయింట్లు వరసగా రాసి, ఇవన్నీ నేను సరిచేస్తాను అని పంపాను.

మర్నాడు ఒకే లైను జవాబొచ్చింది. "ఈ సైట్ మా అబ్బాయి చేశాడు, మిమ్మల్ని ఎవరు అడిగారు?"

ఆ రోజంతా మనసు మనసులో లేదు. 'డియర్ సర్' అని అందరికీ ఒకే మెయిల్ పంపకూడదు, వాళ్ళ గురించి చదివి రాయాలి అని అందరూ చెబుతారు. చదివాకే కదా రాశాను, మరి ఎక్కడ తప్పింది? తప్పులు చెప్పకుండా నా పని వాళ్ళకి ఎందుకు అవసరమో ఎలా చెప్పాలి? అనుభవం ఉన్నవాళ్ళు నిజాయితీగా చెప్పండి.

కేపీహెచ్‌బీ_వీడియో

అక్కా, ఒక్క కంపెనీ మీద రెండు గంటలు పెట్టడమే అసలు తప్పు. నేను వీడియో ఎడిటింగ్ చేస్తాను. రోజుకు నూటయాభై మెయిల్స్ పంపుతాను, అందరికీ ఒకటే, పేరు మాత్రం మారుతుంది. నెలకి ఒకటో రెండో పనులు దొరుకుతున్నాయి. అవతలివాళ్ళకి అవసరం ఉంటే చూస్తారు, లేకపోతే డిలీట్ చేస్తారు. ఎవరో ఒకరు కసిరినందుకు రోజంతా బాధపడితే ఈ పని చేయలేం.

బాలానగర్_షెడ్డు

ఆ జవాబు రాసిన ఆయనలాంటివాణ్ణే నేను, అందుకే రాస్తున్నాను. మాకు చిన్న మెషిన్ షాప్ ఉంది, టర్నింగ్, మిల్లింగ్ జాబ్ వర్కులు చేస్తాం. కంపెనీ మెయిల్ చూసేది నేనే. పొద్దున్నే షెడ్డుకి వచ్చి, ఆపరేటర్లు మెషిన్లు ఆన్ చేసేలోపు టీ తాగుతూ చూస్తాను. రోజూ మూడు నాలుగు ఇలాంటివే ఉంటాయి. 'మీ వెబ్‌సైట్ చూశాం, చాలా ఎర్రర్లు ఉన్నాయి, గూగుల్ మొదటి పేజీలోకి తెస్తాం.' ఏ ఎర్రరో చెప్పరు, మేం ఏం తయారుచేస్తామో వాళ్ళకి తెలియదు. అమ్మా, మీరు నిజంగా చూసి రాశారు, కాదనను. కానీ మొదటి రెండు లైన్లు వాటిలాగే ఉంటే నేను మూడో లైను దాకా రాను. వచ్చినా పదకొండు తప్పుల జాబితా కనబడితే ఏమనిపిస్తుందో తెలుసా? గుమ్మంలో నిలబడి ఇల్లు బాగాలేదన్నట్టు ఉంటుంది. అందులో కొడుకు చేసిన సైట్ అంటే ఆయనకి ఎంత తగిలి ఉంటుందో ఊహించుకోండి.

అయితే ఒక మెయిల్ మాత్రం నాకు బాగా గుర్తుంది. ఒక కుర్రాడు ఇలా రాశాడు: 'సార్, మీ సైట్‌లో ఉన్న సేల్స్ అడ్రస్‌కి మెయిల్ పంపితే వెనక్కి వచ్చింది, అందుకే మీ బ్రోచర్ మీదున్న ఈ అడ్రస్‌కి రాస్తున్నాను. ఎంక్వైరీలు అలాగే పోతున్నాయేమో ఒకసారి చూసుకోండి.' మేం మెయిల్ సర్వీసు మార్చినప్పుడు ఆ ఐడీ తీసేశాం, సైట్‌లో మార్చడం మర్చిపోయాం. లెక్కేస్తే ఏడు నెలలు! ఆ ఏడు నెలల్లో ఎంతమంది రాసి, మేం పలకలేదనుకుని వేరేవాళ్ళ దగ్గరికి పోయారో తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. అదే రోజు ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. తర్వాత సైట్ మొత్తం అతని చేతే చేయించాను. అతనూ తప్పే చెప్పాడు కదా. కానీ ఒక్కటే చెప్పాడు, అదీ నా జేబుకి సంబంధించింది.

నల్లకుంట_అనువాదం

షెడ్డు గారూ, మీరు మంచివారు కాబట్టి పిలిచి పని ఇచ్చారు. అందరూ అలా ఉండరు. నా అనుభవం వేరు, అందుకే మొదటి మెయిల్‌లో తప్పు చెప్పకూడదనే పక్షం నాది.

నేను ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తాను, ఎక్కువగా వైద్య పరికరాలకి సంబంధించినవి. మా అమ్మకి కొన్న షుగర్ చూసే మిషన్ పెట్టెలో తెలుగు కరపత్రం ఉంది. అందులో 'ఫాస్టింగ్' షుగర్‌ని 'వేగవంతమైన చక్కెర' అని రాశారు. పరగడుపున అని రాయాల్సిన చోట! పెద్దవాళ్ళు అది చదివి ఏం అర్థం చేసుకోవాలి? ఇంకా నాలుగైదు చోట్ల ఇలాంటివే ఉన్నాయి. అన్నీ దిద్ది, సరైన వాక్యాలు కూడా పక్కన రాసి, ఇకమీదట మీ తెలుగు పని నేను చేస్తాను అని కంపెనీకి పంపాను. జవాబు రాలేదు. మూడు నెలల తర్వాత స్ట్రిప్పులు కొంటే వాటితో కొత్త కరపత్రం వచ్చింది. నేను దిద్దిన వాక్యాలు మక్కీకి మక్కీ అందులో ఉన్నాయి. పైసా ఇవ్వలేదు సరే, కృతజ్ఞతగా ఒక ముక్క కూడా రాయలేదు. రోగులకి మేలు జరిగింది, దానికి సంతోషమే. కానీ నా కష్టానికి విలువ లేదా?

ఇంకో సంగతి. మనం రాసిన మెయిల్ ఎవరి చేతికి వెళ్తుందో మనకి తెలియదు. చాలాచోట్ల ఆ తప్పుని ఓకే చేసిన మనిషి దగ్గరికే వెళ్తుంది. ఆ మనిషి మనల్ని పిలిచి పని ఇస్తారా? ఇస్తే తన తప్పు ఒప్పుకున్నట్టే కదా. సైనిక్‌పురి గారికి జరిగిందీ అదే, కాకపోతే అక్కడ అబ్బాయి ఉన్నాడు.

ఇప్పుడు నేనేం చేస్తున్నానంటే, చేసిన పని నమూనా ఒక పేజీ, ఎవరికి చేశానో ఒక లైను, ఏ రంగం బాగా తెలుసో ఒక లైను, అంతే. వాళ్ళ పాత పని ఊసే ఎత్తను.

మాదాపూర్_సర్వర్

కేపీహెచ్‌బీ తమ్ముడికి ఒక మాట. నేను మెయిల్ సర్వర్లు చూసే పనిలో ఉన్నాను. రోజుకు నూటయాభై పంపుతున్నావు, బాగానే ఉంది, కానీ అవి ఇన్‌బాక్స్‌లోకి వెళ్తున్నాయో స్పామ్‌లోకి వెళ్తున్నాయో ఎప్పుడైనా చూశావా? 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ నిబంధనలు బిగించాయి. జీమెయిల్‌కి పంపే ఎవరైనా సరే తమ డొమైన్‌కి, అంటే మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత ఉండే పేరుకి, ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ పెట్టుకోవాలి. మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే సెట్టింగులు అవి. రోజుకు 5000 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పంపేవాళ్ళకైతే ఆ రెండూ కావాలి, ఆ పరీక్ష తప్పిన మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే డీమార్క్ కూడా ఉండాలి. స్పామ్ అని నొక్కేవాళ్ళు 0.3 శాతానికి చేరకూడదు, అంటే 1000లో 3. నీ నూటయాభైలో ఒక్కరు నొక్కినా ఆ రోజు లెక్కలో అది దాటిపోయినట్టే. అలా కొన్నాళ్ళు జరిగితే డొమైన్ పేరు చెడుతుంది. తర్వాత నువ్వు ఎంత శ్రద్ధగా రాసిన మెయిల్ అయినా, చివరికి పాత క్లయింట్‌కి పంపిన బిల్లు కూడా స్పామ్‌లోనే పడుతుంది. ఒక ఫ్రెండ్‌కి సరిగ్గా ఇలాగే జరిగింది. బిల్లు అందలేదని క్లయింట్, పంపానని ఇతను, నెల రోజులు మాటా మాటా అనుకున్నారు.

ఇంకోటి, 'నా మెయిల్స్ సగం మంది తెరుస్తున్నారు' అని ట్రాకింగ్ టూల్ చూపించే లెక్కని నమ్మొద్దు. మెయిల్‌లో దాచిన చిన్న బొమ్మ డౌన్‌లోడ్ అయితే తెరిచారని అది లెక్కేస్తుంది. 2021 నుంచి యాపిల్ మెయిల్‌లో ప్రైవసీ సెట్టింగ్ ఉంది. అది ఆన్‌లో ఉంటే మనిషి చూడకపోయినా బొమ్మలు ముందే డౌన్‌లోడ్ అయిపోతాయి, టూల్ మాత్రం 'తెరిచారు' అని చూపిస్తుంది. జవాబులు లెక్కపెట్టుకో, అదొక్కటే నిజం.

కేపీహెచ్‌బీ_వీడియో

అన్నా, డొమైన్ సంగతి నాకు నిజంగా తెలియదు. నేను మామూలు జీమెయిల్ నుంచే పంపుతున్నాను, రోజుకి 500 దాటకూడదని మాత్రమే తెలుసు. చూస్తాను. కానీ ఒక మాట మాత్రం ఒప్పుకోను. మీరంతా పనులు చేతిలో ఉండి మాట్లాడుతున్నారు. హాస్టల్ ఫీజు ఐదో తారీఖు లోపు కట్టాలి, అలాంటప్పుడు వారానికి ఐదు మెయిల్స్ శ్రద్ధగా రాసి, ఐదింటికీ జవాబు రాకపోతే నేనేం చేయాలి? ఎక్కువ పంపేది ఆశ ఎక్కువై కాదు, టెన్షన్‌తో.

మాదాపూర్_సర్వర్

తమ్ముడూ, అది నేను అర్థం చేసుకోగలను. ఐదే రాయమని ఎవరూ అనడం లేదు. రోజుకి పది రాయి. పెళ్ళి వీడియోలు తీసే స్టూడియోలకే రాయి, లేదా కోచింగ్ సెంటర్లకే రాయి, ఒక రకాన్ని పట్టుకో. పది కోచింగ్ సెంటర్ల వీడియోలు చూశావంటే పదకొండో వాళ్ళకి ఏం కావాలో నీకే తెలుస్తుంది. అప్పుడు ఒక్కో మెయిల్‌కి పావుగంట చాలు.

అల్వాల్_కంటెంట్

విదేశాల క్లయింట్లకి రాసేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు, ఎందుకంటే ఇక్కడి అలవాటుతోనే అక్కడా రాసేస్తున్నారు. అమెరికాలో 2003 నుంచి చట్టం ఉంది. పని కోసం రాసే మెయిల్‌లో మన పోస్టల్ అడ్రస్ ఉండాలి, ఇక పంపొద్దని చెప్పే దారి ఉండాలి, వద్దన్నాక 10 పనిదినాల్లో ఆపేయాలి. కంపెనీలకి రాసినా ఇదే. సబ్జెక్ట్‌లో మోసం ఉండకూడదు, కాబట్టి ఎప్పుడూ మాట్లాడని మనిషికి ముందు 'రీ:' పెట్టి పాత సంభాషణలాగా పంపే ట్రిక్కు మానేయండి, చట్టం మాట అటుంచి అది అబద్ధం. కెనడా 2014 నుంచి ఇంకా కఠినం, అనుమతి లేకుండా రాయకూడదు. అయితే వాళ్ళు తమ అడ్రస్ బయట పెట్టి, ప్రకటనలు పంపొద్దని ఎక్కడా చెప్పకపోతే, వాళ్ళ ఉద్యోగానికి సంబంధించిన విషయమైతే రాయవచ్చు. జర్మనీలో కంపెనీలకైనా ముందే అనుమతి కావాలి, అందుకే నేను అక్కడికి అసలు రాయను.

టైమ్ కూడా చూసుకోండి. మనం పొద్దున పదకొండింటికి పంపితే న్యూయార్క్‌లో అర్ధరాత్రి దాటి ఉంటుంది, తెల్లారేసరికి మన మెయిల్ ముప్ఫై మెయిల్స్ కింద ఉంటుంది. సాయంత్రం ఆరున్నర ఏడు మధ్య పంపితే నయం. అన్నిటికన్నా ఎక్కువగా చూస్తున్న తప్పు ఏంటంటే, నమూనాలు గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు పంపుతారు, అది తెరిస్తే 'అనుమతి అడగండి' అని వస్తుంది. అవతలి మనిషి అడగరు, మూసేస్తారు. నేనే అలా వారం రోజుల మెయిల్స్ పోగొట్టుకున్నాను. వేరే ఫోన్‌లో, లాగిన్ లేకుండా లింకు తెరిచి చూశాకే పంపండి.

సైనిక్‌పురి_వెబ్

అందరికీ చాలా థాంక్స్. షెడ్డు గారు చెప్పింది చదివాక నా పాత మెయిల్ మళ్ళీ తీసి చూశాను. పదకొండు పాయింట్లలో వాళ్ళకి నిజంగా నష్టం చేసేది సర్టిఫికెట్ ఒక్కటే, దాన్ని నేను తొమ్మిదో నంబరులో రాశాను. మొదటి నంబరులో ఏముందో తెలుసా, రంగులు. రంగుల గురించి ఎవరు బాధపడతారు? అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చూస్తే చాలు కదా, నేను కుండంతా బోర్లించాను.

ఇంకో కంపెనీకి రాద్దామని ఇలా సిద్ధం చేశాను, చూడండి.

సబ్జెక్ట్: మీ సైట్‌లో వాట్సాప్ బటన్ పనిచేయడం లేదు

"నమస్తే అండీ. మీ పంపుల పేజీలో వాట్సాప్ బటన్ నొక్కితే 'ఈ నంబరు వాట్సాప్‌లో లేదు' అని వస్తోంది. లింకులో నంబరు ముందు 91 చేర్చలేదు, అది చేరిస్తే సరిపోతుంది, మీ సైట్ చూసేవాళ్ళు రెండు నిమిషాల్లో చేయగలరు. ఇలాంటి చిన్న విషయాలు ఎవరైనా మర్చిపోవచ్చు. నేను సైనిక్‌పురిలో ఉంటాను, చిన్న తయారీ కంపెనీలకి వెబ్‌సైట్లు చేస్తాను. చర్లపల్లిలో ఒక కంపెనీకి చేసిన కేటలాగ్ లింకు కింద ఉంది, మోడల్, హార్స్‌పవర్ ఎంచుకుంటే ఫోన్‌లోనే పూర్తి వివరాలు వస్తాయి. మీ పంపులకి అలాంటిది కావాలనుకుంటే ఈ మెయిల్‌కి జవాబివ్వండి, పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడతాను."

రేటు రాయలేదు. రాయాలా? ఇంకా, ఆ జీడిమెట్ల ఆయనకి క్షమాపణ చెప్పాలా, వదిలేయాలా?

నల్లకుంట_అనువాదం

మెయిల్ బాగుంది, మొదటిదానికన్నా చాలా నయం. అయినా నా మాట మార్చుకోలేదు. రెండు నిమిషాల పని ఎలా చేయాలో మీరే చెప్పేశారు, వాళ్ళు అది చేసుకుని ఊరుకుంటారు. మీరు వెబ్ పనిలో ఉన్నారు కాబట్టి చిన్నది ఇచ్చేసి పెద్దది అడగవచ్చు. మా అనువాదంలో ఆ చిన్న వాక్యమే మేం అమ్ముకునే సరుకు. రచన, అనువాదం చేసేవాళ్ళు మాత్రం దీన్ని చూసి అలాగే చేయకండి.

బాలానగర్_షెడ్డు

అనువాదం మేడమ్ చెప్పినదాంట్లో న్యాయం ఉంది, నేను ఆ వైపు నుంచి ఆలోచించలేదు.

వెబ్ అమ్మాయికి: 'ఎవరైనా మర్చిపోవచ్చు' అన్న వాక్యం తీసేయండి, ఓదార్చినట్టుంది, మాకు ఓదార్పు అక్కర్లేదు. రేటు పూర్తిగా వద్దు, కానీ 'ఇలాంటి కేటలాగ్ ఇంత నుంచి మొదలవుతుంది' అని ఒక్క అంకె వేయండి. అది లేకపోతే లక్షల్లో అవుతుందేమోనని భయపడి ఫోన్ చేయం. కింద మీ ఫోన్ నంబరు పెట్టండి, మాకు మెయిల్ టైప్ చేయడం కన్నా ఫోనే తేలిక.

జీడిమెట్ల ఆయనకి రాయండి. పెద్ద క్షమాపణ వద్దు. 'మీ అబ్బాయి చేశారని తెలియక అలా రాశాను, అడగకుండా అన్ని చెప్పడం నాదే తప్పు. సర్టిఫికెట్ గడువు అయిపోయిన విషయం మాత్రం అబ్బాయికి చెప్పండి, కొత్త కస్టమర్లు ఆ హెచ్చరిక చూసి భయపడతారు' అని రాయండి. అందులో పని అడగొద్దు, పోర్ట్‌ఫోలియో లింకు కూడా పెట్టొద్దు.