గాలిమేడ తాళంచెవి అంటే ఏంటి?

పొద్దున్నుంచి ఒక మాట బుర్రలో తిరుగుతోంది. మెగ్, జో, బెత్, ఎమీ అనే నలుగురు అక్కచెల్లెళ్ల కథ, ఆల్కాట్ నవల ‘లిటిల్ విమెన్’లో “నా గాలిమేడకి తాళంచెవి ఉంది, తలుపు తెరుచుకుంటుందో లేదో చూడాలి” అన్నది కథలు రాసే జోనా, పక్కింటి కుర్రాడు లారీనా? తాళంచెవి అంటే కలమేనా?

— జోనే. లారీ కూడా తాళంచెవి ఉందంటాడు కానీ వాడనివ్వట్లేదని కాలేజీని తిట్టుకుంటాడు. ఎమీ పెన్సిల్ ఆడించి ఇదే నాది అంటుంది. జో మాత్రం గుట్టుగా అంటుంది, గమనించారా? తర్వాతి అధ్యాయంలోనే ఇంట్లో చెప్పకుండా రెండు కథలు పత్రికవాళ్లకి ఇచ్చొస్తుంది. తాళంచెవి ఆ రాతప్రతులే.

— మరి మంత్రాల సిరాబుడ్డి ఏమైంది మాస్టారూ? అంతకు కాస్త ముందే అరబ్బీ గుర్రాలు, గదుల నిండా పుస్తకాలు, ఆ సిరాబుడ్డి కావాలంది కదా. నా ఓటు దానికే.

— అది మేడలో సామానమ్మా. తాళంచెవి లోపలే ఉంటే తలుపెలా తీస్తారు?

— అసలు “గాలిమేడ” అనడమే నాకు మింగుడుపడట్లేదు. మన వాడుకలో దానికి వెటకారం ఉంది, పనీపాటా లేనివాడు కట్టేది. వీళ్లేమో కొండ మీద ఒకరు కుట్టుకుంటూ, ఒకరు అల్లుకుంటూ సాయంత్రపు మబ్బుల్లో తెల్లటి శిఖరాలు చూసి మొదలెట్టిన మాట ఇది. అది బన్యన్ ‘పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్’లో యాత్రికుడు చేరుకునే దివ్యనగరం, అంటే స్వర్గం. బెత్ అయితే ఆ పిట్టల్లా ఇప్పుడే ఎగిరిపోయి ఆ ద్వారంలోకి వెళ్లిపోవాలని ఉందంటుంది, తాళంచెవి ఊసే ఎత్తదు. తర్వాత బెత్ చనిపోతుందని తెలిసి చదివితే ఆ పేజీ దాటడం కష్టం.

— వీళ్లు గాలిమేడైనా కట్టుకున్నారు. గురజాడ పూర్ణమ్మకి ఆ వ్యవధి కూడా ఇవ్వలేదు. పూలు కోసుకునే పిల్లని ముసలివాడికి కట్టబెట్టారు. బాలికల కథ అంటే నాకు ముందు అదే, ఆల్కాట్ తర్వాతే.

— గురజాడ దగ్గరికి వెళ్తే ఇక రాత్రంతా అక్కడే ఉంటాం గానీ, మెగ్ సంగతేంటి? నాకు తాళంచెవే లేదంటే నీ మొహమే తాళంచెవి అన్నాడు లారీ. 1869లో వచ్చిన రెండో భాగం చివర్లో, నా మేడే అందరికన్నా ఎక్కువ నిజమైందని చెప్పేదీ ఆవిడే.

— నిజమవడమేంటండీ, డబ్బు, నౌకర్లు అడిగి చిన్న ఇంటితో సరిపెట్టుకుంది.

— మనసులో కోరుకున్నది అదేనని తనే అంది కదక్కా.

— అమ్మ అరవయ్యో పుట్టినరోజు నాడు, అమ్మ ఎదురుగా ఇంకేమంటుంది?