నేలవేమును పోలిన మొక్కను కొత్త జాతిగా వర్ణించాలంటే ఏమేమి చూడాలి?

కోన బాటసారి (కడప), ప్రశ్న:

నేను కడపలో డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం బోధిస్తాను. గత నవంబరులో, ఈశాన్య రుతుపవనాల వానలకు వంకలన్నీ పారుతున్న రోజుల్లో, లంకమల వైపు ఒక కోనలో, ఎండ నేలకు దిగని తావున, తడి బండల సందుల్లో సుమారు 30 మొక్కల గుంపు ఒకటి కనిపించింది. మొదట నేలవేమే అనుకున్నాను. కానీ కాండం నేలవేములాగా నాలుగు పలకలతో నిటారుగా లేదు. బండను ఆనుకొని పాకి, కొస మాత్రం పైకి లేచి ఉంది. ఆకులు కోలగా, రెండు వైపులా మెత్తని నూగుతో ఉన్నాయి. పువ్వుకు రెండు పెదవులు, రెండే కేసరాలు ఉన్నందున నేలవేము ఉన్న ఆండ్రోగ్రాఫిస్ ప్రజాతికే చెందినదని నా నమ్మకం. మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కలను వర్ణించిన గ్యాంబుల్ గారి ఫ్లోరాలోని కీని (లక్షణాలను ఒక్కొక్కటిగా చూస్తూ జాతిని గుర్తించే పట్టికను) పట్టుకొని వెళితే ఏ జాతి దగ్గరా కుదరలేదు.

రెండు కొమ్మలు తెంచి తెచ్చి పాత వార్తాపత్రికల మధ్య ఒత్తి ఆరబెట్టాను. ఫోటోలు చాలానే ఉన్నాయి. విలేకరిగా పనిచేసే మిత్రుడొకరు పేరు పెట్టి ఇస్తే పత్రికలో వేయిస్తానంటున్నారు. వర్ణనను లాటిన్‌లోనే రాయాలా, తెలుగులో రాస్తే చెల్లుతుందా, అసలు వర్ణన ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి అన్నవి నా సందేహాలు. కచ్చితమైన చోటును మాత్రం ఇక్కడ చెప్పను, మన్నించగలరు.

ఆకు అలము (అనంతపురం):

చోటు చెప్పకపోవడమే మంచిది. ఇక కీ కుదరలేదన్న మాట. ఆ ఫ్లోరా 1915లో వెలువడటం మొదలై, గ్యాంబుల్ మరణించాక ఫిషర్ చేతిమీదుగా 1936లో పూర్తయింది. ఆ తరువాత మన కొండల్లో వర్ణించినవి అందులో ఉండే అవకాశమే లేదు. మీకు అన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా. నల్లమల వృక్షజాలం మీద ఎంతో పనిచేసిన జె. ఎల్. ఎల్లిస్ దానిని వర్ణించారు. గ్యాంబుల్ ఒక్కటే దగ్గరున్నవారికి అది ఈనాటికీ కొత్త మొక్కగానే కనిపిస్తుంది. కాబట్టి మొదట దానితోను, బెడ్డోమ్ పేరు మీద ఉన్న ఆండ్రోగ్రాఫిస్ బెడ్డోమై తోను మీ కొమ్మలను పోల్చి చూడండి. పోల్చడమంటే పుస్తకంలోని వాక్యాలతో కాదు, ఆ పేర్లకు ఆధారమైన టైపు నమూనాలతో. లండన్‌లోని క్యూ వంటి హెర్బేరియంలు (ఎండబెట్టిన మొక్కల నమూనాలను భద్రపరిచే చోట్లు) వాటి చిత్రాలను చాలావరకు అంతర్జాలంలో ఉంచాయి.

కొత్త జాతి వర్ణనలో సగం శ్రమ పాత పేర్లను వెతకడానికే పోతుంది. ఆ పాత పేరు మనం అనుకున్న ప్రజాతిలోనే దొరుకుతుందన్న భరోసా కూడా లేదు. నేలవేమునే తీసుకోండి: 1768లో బర్మన్ దానికి పెట్టిన పేరు జస్టీసియా పానిక్యులేటా, అంటే మన అడ్డసరం ఉన్న ప్రజాతిలో చేర్చాడు, 1832లో నీస్ దానిని ఆండ్రోగ్రాఫిస్‌లోకి మార్చాడు.

వర్ణన నేల దగ్గర మొదలై పైకి వెళుతుంది. వేరు, కాండం, ఆకు, పుష్పవిన్యాసం, పుచ్ఛాలు, రక్షకపత్రాలు, ఆకర్షణపత్రాలు, కేసరాలు, అండాశయం, కీలం, కాయ, గింజ అన్న వరుసను తప్పకండి. ఒక్క మొక్కను కొలిచి ఆకు పొడవు ఇంత అని రాసేస్తే, రెండో మొక్క దొరికిన రోజున ఆ వర్ణన అబద్ధమవుతుంది; వీలైనన్ని మొక్కల మీద కొలిచి, కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా ఇవ్వాలి. మీరు ‘మెత్తని నూగు’ అన్నారు. నేలవేము చేరిన అకాంథేసీ కుటుంబంలో ఆ మాటతో పని జరగదు. ఆ కేశాలు ఎక్కడెక్కడ ఉన్నాయి, పొడుగెంత, కొసన జిగురు గ్రంథి ఉందా లేదా, రక్షకపత్రాల మీద ఒక రకమూ కాండం మీద మరొక రకమూ ఉన్నాయా అన్నవన్నీ లెన్సు కింద చూసి రాయాలి. పువ్వులో గొట్టం పొడుగుకు పెదవి పొడుగుకు ఉన్న నిష్పత్తి, పరాగకోశం అడుగున గడ్డంలాంటి వెంట్రుకలు ఉన్నాయా లేవా అన్నది కూడా తేల్చాలి. మీ ప్రశ్నలో కాయ ప్రస్తావనే లేదు. ఎండిన కాయ రెండుగా చిట్లి, గింజలను ఆనుకొని ఉన్న కొక్కేల్లాంటి కాడలు వాటిని దూరంగా విసరడం ఈ కుటుంబపు ముఖ్య లక్షణాల్లో ఒకటి. కాయనూ గింజనూ చూడకుండా వర్ణన పూర్తి చేయడం నాకు నచ్చదు.

భాష సంగతి: 1935 నుంచి 2011 చివరి వరకు లాటిన్ తప్పనిసరిగా ఉండేది. 2012 జనవరి 1 నుంచి లాటిన్ గాని ఇంగ్లీషు గాని చాలు. తెలుగులో ఎంత ముచ్చటగా రాసినా మొక్కల పేర్ల అంతర్జాతీయ నామకరణ నియమావళి ముందు అది చెల్లదు. అదనంగా ఇవ్వడానికి ఎవరూ అడ్డు చెప్పరు, నా మటుకు తప్పక ఇవ్వమనే అంటాను.

చెద పట్టని షీటు (కర్నూలు):

పై సమాధానంతో నాకు పేచీ లేదు గాని, అంతకన్నా ముందు తేల్చుకోవలసినది మరొకటి ఉంది. ఆ కోన అభయారణ్యం లోపలిదైతే, అనుమతి లేకుండా కొమ్మ తెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోని పని. ఆ రెండు కొమ్మలను మీరు చూసి నేర్చుకోవడానికి ఉంచుకొన్నా, వాటి మీద పేరు నిలబెట్టాలని చూడకండి. అటవీశాఖకు దరఖాస్తు పెట్టి, పరిశోధనకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి పొంది, మళ్లీ వెళ్లి సేకరించండి.

అప్పుడు కూడా గుంపును ఊడ్చి తేకూడదు. పువ్వు, కాయ రెండూ ఉన్న మొక్కలు మూడు నాలుగు చాలు. ఒకే రోజు ఒకే చోట చేసిన ఆ సేకరణలోంచి ఒక నమూనాను హోలోటైపుగా, అంటే ఆ పేరుకు ఆధారమైన ఏకైక నమూనాగా ప్రకటించి, అది ఏ హెర్బేరియంలో ఉందో వ్యాసంలో రాయాలి. అదే సేకరణలో మిగిలిన షీట్లు (అట్టకు అంటించిన ఎండు మొక్కలు) ఐసోటైపులు, అంటే దాని జతలు అవుతాయి. కొన్ని పువ్వులను 70 శాతం ఆల్కహాలులో వేసి ఉంచుకోండి, ఎందుకంటే ఒత్తిన పువ్వులో రంగూ ఉండదు, పెదవుల మడతా తెలియదు. కొత్తగా కనుగొన్న ఏ జాతి నమూనానైనా నిర్దేశిత సంస్థలో జమచేయాలని 2002 నాటి జీవవైవిధ్య చట్టం 39వ సెక్షను చెబుతుంది. బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా హెర్బేరియంలు అందుకు ఉన్నవే. ఒక జత అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం హెర్బేరియానికి ఇస్తే మన ప్రాంతపు విద్యార్థులకు అందుబాటులో ఉంటుంది.

పత్రిక మాట ఇప్పట్లో ఎత్తకండి. 1953 నుంచి శాస్త్రేతర వార్తాపత్రికల్లో అచ్చయిన పేరును ప్రచురణగానే లెక్కించరు. మీ పేరు చెల్లకపోగా, మొక్క ఎక్కడుందన్న వార్త మాత్రం చెల్లుతుంది.

కోన బాటసారి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. కోన అభయారణ్యం లోపలిదే. కొమ్మలు తెంచడం నా తొందరపాటు, ఒప్పుకొంటున్నాను. నిన్న రాత్రి కాలేజీ నుంచి తెచ్చిన డిసెక్షన్ మైక్రోస్కోపు కింద వాటిని చూశాను. పుష్పవిన్యాసం కాడ మీద, రక్షకపత్రాల మీద ఉన్న కేశాలకు కొసన గ్రంథులు ఉన్నాయి. కింది కాండం మీద ఉన్నవి గ్రంథులు లేని మామూలు కేశాలు. పరాగకోశాలకు గడ్డం ఉంది. అయితే నీడలో, తడిలో పెరిగినందువల్లే ఆకులు వెడల్పై కాండం పాకిందేమోనన్న అనుమానం ఇప్పుడు కలుగుతోంది.

ఆకు అలము (అనంతపురం):

ఆ అనుమానం రావడమే మేలైంది. ఆకు వెడల్పు, కాండం పాకడం, మొక్క ఎత్తు నీడకూ తేమకూ లొంగిపోయే లక్షణాలు. వాటిని మాత్రమే నమ్మి పెట్టిన పేర్లు ఎన్నో తరువాత పాత జాతులలో కలిసిపోయాయి. గ్రంథి కేశాల అమరిక, పరాగకోశం, గింజ మీది గుంతలు, పరాగరేణువుల ఉపరితలం అంత తేలికగా మారవు. అదే కొండకు ఎండ తగిలే వైపున ఇటువంటి గుంపు మరొకటి ఉందేమో వెతకండి. అక్కడ కూడా ఈ కేశాలు ఇలాగే ఉంటే మీ వాదానికి బలం వస్తుంది. అక్కడివి కాండం నిక్కి, ఆకు సన్నబడి, మధ్యలో అన్ని రకాలూ కనిపిస్తే మీ దగ్గర ఉన్నది నీడ మొక్క.

ఇంకొక మాట. ఎదిగిన మొక్కలు 50 లోపే ఉన్న జాతి, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ప్రమాణాల ప్రకారం అత్యంత ప్రమాదస్థితిలో ఉన్నట్లు లెక్క. కానీ ఒక్క కోనను చూసి ఆ ముద్ర వేయడానికి వీల్లేదు. పక్క కోనలు కూడా తిరిగిన తరువాతనే రాయాలి. కలివి కోడి అనే పక్షి అంతరించిందనుకొన్న చాలా ఏళ్లకు, 1986లో మళ్లీ కనిపించింది మీ కడప జిల్లాలోనే గదా.

కోన బాటసారి:

దరఖాస్తు రాయడం మొదలుపెట్టాను. అనుమతి వస్తే వచ్చే నవంబరులో పువ్వుకు, జనవరిలో కాయకు వెళతాను. ఎండ వైపు గుంపు కోసం రెండు సార్లూ వెతుకుతాను. మిత్రునికి పత్రికలో వేయించవద్దని చెప్పేశాను. ఆ రెండు కొమ్మలున్న షీటు మీద ‘ఆండ్రోగ్రాఫిస్, జాతి తేలలేదు’ అని పెన్సిలుతో రాసి పెట్టాను.