పెదవి మీద జ్వరం పొక్కులు, ఇంట్లో బాలింత ఉంది. ఏం చేయాలి?

పాలమూరు_కోడలు: ఎండలు ముదిరితే చాలు, కింది పెదవి అంచున నీటిపొక్కులు గుత్తిగా లేస్తాయి. నిన్నటి నుంచి మళ్లీ చిమచిమ. మా ఆడబిడ్డ పురుటికి మా ఇంట్లోనే ఉంది, వచ్చే వారం పాపకు తొట్టెల. ఏ మందు తొందరగా తగ్గిస్తుంది? గిన్నెలు, గ్లాసులు వేరు చేయాలా?

దేవరకొండ_రైతు: కొంచెం సున్నం అద్దండి, తెల్లారేసరికి ఎండిపోతుంది. మా ఇంట్లో అందరం అదే చేస్తాం.

కల్వకుర్తి_అక్క: సున్నం సంగతి తర్వాత. చెల్లీ, పాపకు ముద్దు పెట్టకు. పక్కు రాలి కొత్త తోలు వచ్చేదాకా మూతి దగ్గరికి తీసుకోకు. నెల నిండని బిడ్డకు ఈ పొక్కులు తెచ్చే హెర్పిస్ వైరస్ సోకితే మెదడుకు, కాలేయానికి పాకుతుంది, ప్రాణాల మీదికి వస్తుంది.

దేవరకొండ_రైతు: తొట్టెలనాడు ఊరంతా వచ్చి ముద్దాడుతారు. మేమంతా అట్లనే పెరిగాం. పండుగపూట బాలింతను భయపెట్టడం ఏం పద్ధతి అక్కా?

కల్వకుర్తి_అక్క: మా చుట్టాల బిడ్డను ఐసీయూలో చూసినదాన్ని. వచ్చినవాళ్లు కాళ్లు ముట్టుకొని దీవించి పోవచ్చు, మర్యాదకు ఏం తక్కువ కాదు. పెద్దమనిషి నొచ్చుకుంటే నొచ్చుకోనీ.

సాగర్_కట్ట: అక్క మాట నిజం. కానీ మా అత్తకు ఆ మాట చెప్పేదెవరు? పోయినసారి ఇదే చెప్తే ఇంట్లో పెద్ద గొడవ.

మందుల_షాపు_మిర్యాలగూడ: ఫార్మసీ చదివి షాపు నడుపుతున్నా, రోజూ ఇదే కేసు. సున్నం పెదవిని కాలుస్తుంది, పుండు పెద్దదవుతుంది. ఎసైక్లోవిర్ 5 శాతం క్రీము రోజుకు 5 సార్లు, చిమచిమ ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. పక్కు కట్టాక రాస్తే పెద్ద లాభం లేదు. మాత్రలు ఇంకా బాగా పనిచేస్తాయి, డాక్టర్ చీటీతో రండి. గజ్జికి వాడే స్టెరాయిడ్ క్రీములు మాత్రం వద్దు.

నకిరేకల్_టీచర్: నాకు నోటి రెండు మూలలా పగుళ్లు. ఎసైక్లోవిర్ రాసినా తగ్గలేదు.

మందుల_షాపు_మిర్యాలగూడ: అది వేరే జబ్బు మేడం. ఫంగస్ కావచ్చు, ఐరన్, బి విటమిన్ల లోపం కావచ్చు. రక్తపరీక్ష చేయించుకోండి.

దేవరకొండ_రైతు: కాల్చేదైతే మా నాయిన పెదవి ఎట్ల మానింది?

మందుల_షాపు_మిర్యాలగూడ: ఏ మందూ వేయకున్నా ఇది వారం, పది రోజుల్లో మానుతుంది అన్నా. ఆ పేరు సున్నానికి పోయింది. వైరస్ నరంలోనే దాక్కొని ఉంటుంది, ఎండకో జ్వరానికో మళ్లీ లేస్తుంది.

సాగర్_కట్ట: బీడీ ఒకరి నోట్లోది ఒకరు గుంజడం కూడా ఆపాలి. కల్లు మండువాలో ఎవరి రేక వారిదే, బీడీ దగ్గరికి వచ్చేసరికి అందరిదీ ఒకటే.

దేవరకొండ_రైతు: ఇప్పుడు కల్లు మీద పడ్డారా!

పాలమూరు_కోడలు: క్రీము తెప్పించా. లెన్సులు పెట్టుకుంటా, దాని సంగతి ఎవరూ చెప్పలేదు.

కల్వకుర్తి_అక్క: పొక్కు తగ్గేదాకా కళ్లద్దాలు పెట్టుకో. పొక్కు ముట్టిన చెయ్యి కంటికి తగిలితే నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోతే అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి పో. క్రీము రాసిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కో. గ్లాసు, టవల్ వేరుగా పెట్టుకో, పాపను ఎత్తుకునేటప్పుడు మూతికి మాస్కు కట్టుకో.

పాలమూరు_కోడలు: సరే అక్కా. ఆడబిడ్డకు ఇప్పుడే చెప్పాను, తొట్టెలనాడు పాపను వాళ్ల అమ్మే ఎత్తుకుంటుందట.