న్యూట్రాన్ తారల ఢీ తర్వాతి మోతకు ‘అనురణనం’ అనొచ్చా?

ఒంగోలు: రెండు న్యూట్రాన్ తారలు (పెద్ద తారలు కూలాక మిగిలే చిన్న, చిక్కటి ముద్దలు) ఢీకొని ఒకటయ్యాక, మిగిలిన ముద్ద నుంచి వచ్చే గురుత్వ తరంగాలను (స్థలకాలంలో లేచే అలలను) ఒకచోట ‘అనురణనం’ అన్నారు. సరైనదేనా?

కావలి: కృష్ణబిలానికైతే సరే, తారకు వద్దన్నా. గంట కొట్టి వదిలేశాక సన్నగిల్లుతా మిగిలేది అనురణనం. అలంకారశాస్త్రంలో కూడా వాచ్యం వెనకాల తోచే వ్యంగ్యానికి ఇదే పోలిక. ముద్ద వెంటనే కూలి కృష్ణబిలమైతే అట్టాగే ఉంటుంది: 6 కిలోహెర్ట్జ్ (సెకనుకు 6 వేల ఊపులు) దగ్గర ఒక్క ‘ఖంగు’, మిల్లీసెకను కూడా నిలవదు. కూలకుండా నిలిచిన తార మాత్రం నడుం పట్టి తిప్పిన రోకలి లాంటిది. సెకనుకు వెయ్యి చుట్ల పైమాటే. అరచుట్టుకోసారి అదే ఆకారం తిరిగొస్తుంది కాబట్టి తరంగం లెక్క రెట్టింపై 2 నుంచి 4 కిలోహెర్ట్జ్‌లో పడుతుంది, పదుల మిల్లీసెకన్లు సాగొచ్చు. దీనికి నా ఓటు ‘గింగురు’కి. చెవి గింగురుమంటుంది, బొంగరం గింగిరాలు కొడుతుంది; మోతా తిరుగుడూ రెండూ అందులో వినపడతాయి.

నెల్లూరు: బాగుందబ్బా. మరి 2017 ఆగస్టు 17న పట్టిన సంకేతంలో ఆ గింగురు ఉందా?

కావలి: దొరకలేదు. 13 కోట్ల కాంతి సంవత్సరాల అవతల నుంచి, కలవబోయే ముందు తారలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతా పంపిన సుమారు వంద సెకన్ల కూత మాత్రం శుభ్రంగా అందింది. ఈ తరంగాలను పట్టే పరికరంలో అద్దాల మధ్య లేజర్ కాంతి తిరుగుతుంటుంది; కిలోహెర్ట్జ్ దాటాక ఆ లేజర్ ఫోటాన్లు (కాంతి రేణువులు) రేకుల కప్పు మీద చినుకుల్లా లెక్కాపత్రం లేకుండా పడి సంకేతాన్ని ముంచేస్తాయి. ‘నాయిస్’కి ‘రొద’ అనేది ఇక్కడే అతుకుతుంది.

ఒంగోలు: లేజర్ జోరు పెంచితే?

కావలి: చినుకుల రొద తగ్గుతుంది గానీ అద్దాలు వేడెక్కి వంకర పోతాయి. అందుకే పిండిన కాంతి (‘స్క్వీజ్డ్ లైట్’, ఆ చినుకుల అడ్డదిడ్డం తగ్గించిన కాంతి) వాడతారు. ఇంకో చిక్కు, కూతకైతే లెక్కగట్టిన అచ్చు ఉంది, పోల్చి పట్టొచ్చు. గింగురు ఏ దశలో ఎట్టా ఊగుతుందో నమ్మకంగా చెప్పే అచ్చు లేదు. అందుకని కూత ఆగిన క్షణం చుట్టూ కొద్ది సమయం తీసుకుని, కింది పౌనఃపున్యాలు వడగట్టి, అమెరికాలో ఈ తరంగాలను పట్టే కేంద్రాలున్న హాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్ రెండు చోట్లా 10 మిల్లీసెకన్ల తేడా లోపల ఒకే తీరు ఉబ్బు ఉందా అని వెతుకుతారు. దొరికితే దాని పౌనఃపున్యాన్ని బట్టి తార వ్యాసార్థం తెలుస్తుంది: చిన్న తారకు పెద్ద పౌనఃపున్యం.

నెల్లూరు: అయితే ‘గింగురుమనలేదు’ అని రాయొచ్చా?

కావలి: రాయకూడదు. ‘రొద దాటి వినపడలేదు’ అనండి. ముద్ద ముందే కూలిందో, మోగినా మనదాకా రాలేదో ఆ మాటలో రెండిటికీ చోటుంది.