చర్చ: 2003 బేస్‌బాల్ అమెరికన్ లీగ్ ఫైనల్ ఏడో మ్యాచ్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో పెడ్రోను కొనసాగించడం బోస్టన్ మేనేజర్ లిటిల్ తప్పేనా?

చార్లెస్ ఒడ్డు:

2003 అక్టోబర్ 16 రాత్రి యాంకీ స్టేడియంలో జరిగిన అమెరికన్ లీగ్ ఫైనల్ ఏడో మ్యాచ్‌ను బోస్టన్ శివార్లలో మేము ముగ్గురు తెలుగు విద్యార్థులం అద్దెకున్న ఇంట్లో చూశాను. ఇన్నేళ్లయినా ఆ ఎనిమిదో ఇన్నింగ్స్ దగ్గరే నా మనసు ఆగిపోతుంది. మా బోస్టన్ జట్టు రెడ్ సాక్స్ న్యూయార్క్ యాంకీస్ మీద 5-2తో ముందున్నారు. ఏడో ఇన్నింగ్స్ చివర యాంకీస్ బ్యాటర్ సొరియానోను స్ట్రైకవుట్ (మూడు స్ట్రైకులతో అవుట్) చేసిన మా పిచర్ (బంతి వేసేవాడు) పెడ్రో మార్టినెజ్ వేలు ఆకాశంవైపు చూపుతూ దిగివచ్చాడు. పని ముగిసిందనుకున్నప్పుడు అతడు చేసే సైగ అది. ఆటగాళ్లు కూర్చునే డగౌట్‌లో తోటివాళ్లు అతణ్ణి కౌగిలించుకున్నారు కూడా. అప్పటికే వంద బంతులు వేసిన ఆ మనిషిని మేనేజర్ గ్రేడీ లిటిల్ మళ్లీ బరిలోకి పంపించాడు.

మొదటి అవుట్ తేలికగానే దక్కింది. తరువాత యాంకీస్ బ్యాటర్ జీటర్ డబుల్ (రెండో బేసుకు చేర్చే దెబ్బ) కొట్టాడు, బెర్నీ విలియమ్స్ సింగిల్‌తో (మొదటి బేసుకు చేర్చే దెబ్బతో) అతణ్ణి ఇంటికి చేర్చి పరుగు తెచ్చాడు, స్కోరు 5-3 అయింది. అప్పుడు లిటిల్ పిచర్ నిలబడే మౌండ్ దగ్గరికి నడిచివెళ్లి, ఇంకా వేయగలవా అని పెడ్రోనే అడిగాడు. నాకు మింగుడుపడనిది ఈ ప్రశ్నే. అలసిపోయిన వాణ్ణి, అందులోనూ పెడ్రో వంటి అభిమానధనుణ్ణి అలా అడిగితే వేయలేనని ఎందుకంటాడు? వేయగలనన్నాడు, లిటిల్ వెనుదిరిగాడు. మా గదిలో సోఫా మీద కూర్చున్న మిత్రుడొకడు "వెళ్లిపోతున్నాడేమిటి!" అని లేచి నిలబడ్డాడు. మత్సుయ్ డబుల్ కొట్టాడు, పొసాదా కొట్టిన బంతి సెంటర్ ఫీల్డ్‌లో ఎవరికీ అందనిచోట పడింది, 5-5. పదకొండో ఇన్నింగ్స్‌లో మా వేక్‌ఫీల్డ్ వేసిన మొదటి బంతినే యాంకీస్ ఆటగాడు ఆరన్ బూన్ స్టాండ్స్‌లోకి పంపడంతో 6-5తో కథ ముగిసింది. ఈ ఓటమి ముమ్మాటికీ లిటిల్‌దేనని నా వాదన.

లెక్కల పుస్తకం:

చార్లెస్ ఒడ్డు గారూ, మీ బాధ అర్థం చేసుకోగలను గానీ, ఓటమి మొత్తాన్ని ఒక్కడి నెత్తిన రుద్దడం న్యాయం కాదు. ఆ సీజన్ మొదట్లో బోస్టన్ యాజమాన్యం స్థిరమైన ముగింపు పిచర్ ఎవరూ లేకుండా, అవసరాన్ని బట్టి ఎవరినైనా దింపవచ్చన్న పద్ధతితో ప్రయోగం చేసింది. అది బెడిసికొట్టింది, ఏడాది పొడవునా బుల్‌పెన్ (మధ్యలో దిగే పిచర్ల బృందం) మ్యాచ్‌లను చేజార్చింది. అటువంటి ఏడాదంతా గడిపిన మేనేజర్ చేతిలో తన తరంలోనే అత్యుత్తముడైన పిచర్ ఉన్నప్పుడు అతణ్ణే నమ్ముకున్నాడంటే అది మతిలేనితనం కాదు. పొసాదా కొట్టినదీ గట్టి దెబ్బేమీ కాదు, బ్యాటుకు సరిగా తగలకుండా తేలిపోయిన బంతి. రెండడుగులు ఇటు పడి ఉంటే ఈ రోజు లిటిల్ ధైర్యాన్ని మనమే మెచ్చుకునేవాళ్లం.

నాలుగో ఇన్నింగ్స్‌ను మాత్రం ఎవరూ గుర్తు చేసుకోరు. 4-0 ఆధిక్యం, యాంకీస్ పిచర్ క్లెమెన్స్‌ను అప్పటికే సాగనంపారు, మొదటి, మూడో బేసుల్లో మనవాళ్లున్నారు, ఒక్క అవుటూ కాలేదు. తన కెరీర్‌లో అంతవరకు ఒక్కసారి కూడా మధ్యలో దిగని వాళ్ల పిచర్ ముసీనా వచ్చి, మన వారిటెక్‌ను స్ట్రైకవుట్ చేసి, డేమన్ చేత డబుల్ ప్లే (ఒకే దెబ్బకు ఇద్దరు అవుటయ్యే) బంతి కొట్టించాడు. అక్కడ ఒక్క పరుగు వచ్చి ఉన్నా పొసాదా బంతికి స్కోరు సమం అయ్యేది కాదు. 95 మ్యాచ్‌లు గెలిపించిన మేనేజర్‌తో ఆ నెల తిరగకముందే ఒప్పందం వదులుకున్నారు. వారిటెక్‌ను గానీ డేమన్‌ను గానీ ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

హడ్సన్ అవతల:

న్యూజెర్సీ నుంచి యాంకీస్ అభిమానిగా ఒక్క మాట. మీ ఇద్దరి చర్చ చదువుతుంటే ఆ రాత్రి మైదానంలో బోస్టన్ ఒక్కటే ఆడినట్లుంది. పెడ్రో మీద జియాంబీ కొట్టిన రెండు హోమ్ రన్‌లు, మా పిచర్ రివేరా వరుసగా వేసిన మూడు ఇన్నింగ్స్‌లు మాకు ఎవరూ దానం చేసినవి కావు. మరుసటి ఏడాది మా స్టేడియంలోనే ఏడో మ్యాచ్‌లో మీరు 8-1తో ముందుండగా మీ కొత్త మేనేజర్ ఫ్రాంకోనా ఏ అవసరమూ లేకుండా పెడ్రోను ఏడో ఇన్నింగ్స్‌లో దింపాడు, రెండు పరుగులు ఇప్పించాడు; గెలిచారు కాబట్టి దాని మీద చర్చలు లేవు.

చార్లెస్ ఒడ్డు:

హడ్సన్ అవతల గారూ, చురక బాగుంది, ఒప్పుకుంటున్నాను. నాలుగో ఇన్నింగ్స్ సంగతి కూడా నేను దాటవేసిన మాట నిజమే. ముసీనా ఆ రాత్రి మమ్మల్ని నిజంగానే ఓడించాడు.

కానీ బుల్‌పెన్ మీద నమ్మకం లేకపోవడం వల్లనే అన్న వాదన నిలవదు. పది రోజుల ముందు ఓక్లండ్‌లో, అదీ చావో రేవో మ్యాచే, అదే ఎనిమిదో ఇన్నింగ్స్‌లో అలసిన పెడ్రోను తప్పించి ఎడమచేతి పిచర్ ఎంబ్రీని పిలిచినవాడు ఇదే లిటిల్. ఆ మ్యాచ్ 4-3తో గెలిచాము. అక్టోబర్‌లో ఎంబ్రీ, టిమ్లిన్, విలియమ్సన్ ముగ్గురూ అద్భుతంగా వేస్తున్నారు. సీజన్ అంతటి లెక్క పట్టుకుని ఆ పది రోజులను పక్కన పెట్టడం, నిరుటి వర్షపాతం చూసి ఈ రోజు గొడుగు వదిలి వెళ్లడం వంటిది.

ఇక పొసాదా బంతి దురదృష్టమే అనుకుందాం. దానికి ముందు వచ్చిన మత్సుయ్ ఎడమచేతి బ్యాటర్, అటువంటివాళ్లకు ఎడమచేతి పిచర్‌ను ఎదుర్కోవడం సాధారణంగా కష్టం. పెడ్రో అతణ్ణి రెండు స్ట్రైకుల వరకు తెచ్చి కూడా అవుట్ చేయలేకపోయాడు. జీటర్ విషయంలోనూ అదే జరిగింది. ముగించే బంతి చేతిలో లేని పిచర్‌కే అలా జరుగుతుంది. పొసాదా డబుల్ తరువాత పెడ్రో 123 బంతులతో దిగిపోయాక, ఎంబ్రీ వచ్చి ఎదుర్కొన్న మొదటి బ్యాటర్ జియాంబీ, అతడూ ఎడమచేతివాడే. ఒక్క ఫ్లై బంతితో అవుట్. లిటిల్ మౌండ్ దగ్గర పెడ్రోతో మాట్లాడి తిరిగి నడిచిన ఆ నిమిషంలో ఎంబ్రీ సిద్ధంగానే ఉన్నాడు. లెక్కల పుస్తకం గారూ, మీరు సమాధానం చెప్పవలసింది ఆ ఒక్క నిమిషానికి.