దత్తత ఉత్తర్వు వచ్చినా పాపకు బర్త్ సర్టిఫికెట్ రావడం లేదు

తెలంగాణలో కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ద్వారా, శిశుగృహ (దిక్కులేని పసిపిల్లలను ఉంచే ఆశ్రమం) నుంచి దత్తత. పాప వయసు 2 ఏళ్ల 4 నెలలు, బిడ్డల్ని వదిలివెళ్లేందుకు పెట్టే ఉయ్యాలలో వదిలేసిన బిడ్డ. కలెక్టర్ ఉత్తర్వు మార్చి 14న వచ్చింది. అందులో పాప కొత్త పేరు, పుట్టిన తేదీ, మా ఇద్దరి పేర్లు సరిగ్గానే ఉన్నాయి. అంతకుముందు జనన నమోదు ఏదీ లేదు.

శిశుగృహ ఉన్న ఊరి మున్సిపాలిటీలో ఏప్రిల్ 2న దరఖాస్తు ఇచ్చాం. ఉత్తర్వు ధ్రువీకరణ ప్రతి, బాలల సంక్షేమ సమితి ఇచ్చిన పత్రం, మా ఆధార్‌లు జతచేశాం. ఆసుపత్రి రికార్డు తెమ్మన్నారు. ఉయ్యాలలో దొరికిన బిడ్డకు అదెక్కడిది? రెండోసారి వెళ్తే, ఏడాది దాటింది కాబట్టి ఆలస్య నమోదు కింద విడిగా అనుమతి కావాలన్నారు. మా సొంతూరి మున్సిపాలిటీలో అడిగితే, పుట్టింది ఇక్కడ కాదు కదా అని తిప్పి పంపారు.

దత్తత నిబంధనల్లో 5 పనిదినాల గడువు ఉన్న పేజీ ప్రింటు తీసి చూపించాం. తమకు అలాంటి సర్క్యులర్ రాలేదన్నారు. జిల్లా బాలల సంరక్షణ అధికారి ఫోన్ చేశారు, శిశుగృహ లేఖ కూడా ఇచ్చింది. ఫైలు కదల్లేదు. ఇది మామూలు ఆలస్య నమోదు కాదన్నదే కౌంటర్లో వాళ్ల తలకెక్కడం లేదనిపిస్తోంది. ఇప్పటికి 11 వారాలు. పాస్‌పోర్టు దీనికోసమే ఆగింది.

వదిలేసిన బిడ్డను దత్తత తీసుకుని, తెలంగాణలో ఈమధ్య బర్త్ సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లు చెప్పండి: ఆలస్య నమోదు అనుమతి లేకుండా, ఏ అధికారికి ఏ దరఖాస్తు పెడితే పని జరిగింది?