ఉంగరాల రష్ దుబ్బుని విడదీయడం ఎలా? (ఇంగ్లండ్‌కి కొత్తగా వచ్చాం, రీడింగ్ ఊరు)

ప్రశ్న, రీడింగ్ నుంచి:

గ్రూపులో అందరికీ నమస్కారం. సెప్టెంబర్‌లో వచ్చాం, అద్దె ఇల్లు, వెనకాల చిన్న తోట. షెడ్డు పక్కన ఒక మూల చలికాలమంతా బురదే, కాలు పెడితే షూ దిగబడిపోతోంది. తడి నేలకి బాగుంటుందని గార్డెన్ సెంటర్‌లో ఉంగరాలు తిరిగిన గడ్డిలాంటి మొక్క ఒకటి చూపించారు, చీటీ మీద జంకస్ ఎఫ్యూసస్ స్పైరాలిస్ అని ఉంది, ఈ జాతిని ఇక్కడ రష్ అంటారట. పన్నెండు పౌండ్లు. మూల నిండాలంటే ఇంకో ఆరైనా కావాలి, అంత పెట్టి కొనే పరిస్థితి లేదు. దీన్నే ముక్కలు చేసి నాటుకోవచ్చని పక్కింటి పెద్దాయన అంటున్నారు. కత్తి పెడితే చచ్చిపోదా? విత్తనాలు చల్లుకోవడమే మేలా? ఊళ్లో బెండ, గోంగూర వేయడం తప్ప నాకేమీ రాదు.

జవాబు, మాంచెస్టర్ నుంచి:

తమ్ముడూ, సరైన సమయంలోనే అడిగావు. ఏప్రిల్ కదా, దుబ్బు మొదట్లో కొత్త మొలకలు సూది మొనల్లా పొడుచుకొస్తూ ఉంటాయి, అవి కనిపిస్తే ఈ శనివారమే పని పెట్టుకో. నేను మొదటిసారి అక్టోబర్‌లో చేశాను, పైగా ఆశకి పోయి ఒక్క దుబ్బుని పద్నాలుగు ముక్కలు చేశాను, ఆ చలికి కొత్త వేళ్లు రాలేదు, కోసిన చోటల్లా కుళ్లింది, ఫిబ్రవరికి మూడు మిగిలాయి. కాబట్టి నీ పన్నెండు పౌండ్ల కుండీలోంచి ఆరు తీయాలని చూడకు. మూడో నాలుగో చాలు, రెండేళ్లు ఓపిక పడితే అవే మూల నింపుతాయి.

విత్తనాల మాట వదిలెయ్. ఆ ఉంగరాలు విత్తనంతో అన్నిటికీ దిగుతాయన్న నమ్మకం లేదు, మొలిచినవాటిలో కొన్ని నిటారుగా మామూలు రష్‌లాగే లేస్తాయి. తల్లి దుబ్బులోంచి తీసిన పిలకైతే అచ్చం తల్లే, మన అరటి పిలకలాగా. ఒక్కోసారి ఉంగరాల దుబ్బులో కూడా నిటారు కాడలు నాలుగైదు లేస్తాయి, వాటిని మొదటికంటా తీసెయ్, లేకపోతే అవి బలిసి మిగతావాటిని మింగేస్తాయి.

ఇక పని. ముందురోజు రాత్రి కుండీని బకెట్ నీళ్లలో పెట్టు. పొద్దున్నే కుండీలోంచి లాగి, వేళ్ల మట్టి నీళ్లలో జాడించి, దుబ్బుని తిరగేసి చూడు. నువ్వు ఆకులనుకుంటున్నవి ఆకులు కావు, కాడలు. అసలు ఆకులు కాడ మొదట్లో గోధుమరంగు పొరల్లా చుట్టుకుని ఉంటాయి, అంతే. ఆ పొరల కింద అడ్డంగా పాకే కాండం ఉంటుంది, కాడలన్నీ దాని మీంచే వరసగా లేస్తాయి. చేత్తో చీలుద్దామంటే చీలదు, నా వేలు కోసుకుంది. రంపపు పళ్లున్న పాత బ్రెడ్ కత్తి తీసుకుని, కాడల మధ్య సందు చూసి, పైనుంచి కిందికి కేకు కోసినట్టు కోసెయ్. ఒక్కో ముక్కకి ఆరేడు కాడలు, ఒకటో రెండో కొత్త మొలకలు, పిడికెడు వేళ్లు ఉండాలి. దుబ్బు పాతదైతే నడుమ ఎండుగడ్డిలా చచ్చిపోయి ఉంటుంది, ఆ నడిమి భాగం పారేసి అంచుల్లోవే ఉంచుకోవాలి. కాడలు పొడుగ్గా ఉంటే సగానికి కత్తిరించు, అయ్యో అనుకోకు, వేళ్లు తక్కువైనప్పుడు పైన అంత పచ్చదనాన్ని అవి తాగించలేవు.

అసలు కిటుకు కత్తిలో లేదు. కోసిన ముక్కలు అరగంట కూడా గాలికి పడి ఉండకూడదు. నేను మాది కోనసీమ కాబట్టి ఇలా చెబుతున్నా, నారు పీకాక ముడులు గట్టు మీద ఎండలో వదిలేసి ఎవరైనా కాఫీకి వెళ్తారా? కోసిన ముక్క కోసినట్టు బకెట్లోకి వెళ్లాలి, అక్కణ్నించి నేరుగా కుండీలోకి.

కుండీలోకి మామూలు మల్టీపర్పస్ కంపోస్ట్, అంటే అన్ని మొక్కలకీ వాడమని సంచుల్లో అమ్మే తేలికపాటి కుండీ మట్టి, వద్దు. అది నీళ్లలో తేలుతుంది, అందులోని ఎరువుకి నీళ్లు పచ్చగా పాచి పడతాయి. చెరువు మొక్కల కంపోస్ట్ అని విడిగా అమ్ముతారు, బరువుగా ఉంటుంది, చిన్న సంచి చాలు. మునుపు ఎంత లోతులో ఉందో అంతే లోతులో నాటి, పైన కాస్త గులకరాళ్లు వేసి, కుండీని రెండు మూడు సెంటీమీటర్ల నీళ్లున్న తొట్టిలో నిలబెట్టు. కొత్త ముక్కని మొదలుదాకా ముంచేస్తే మాత్రం ఊపిరాడక కుళ్లుతుంది. రెండు మూడు వారాలు గాలి కొట్టని చోట ఉంచు.

ఒక మాట, నీకు చిన్నపిల్లలుంటే ఆ తొట్టి మీద జాలీ వెయ్యి, లేదా తొట్టిలో రాళ్లు నింపు. జానెడు లోతు కూడా లేని నీళ్లలోనే పసిపిల్లలకి ప్రమాదం.

జవాబు, లెస్టర్ నుంచి:

ఇంత హైరానా ఎందుకండీ, కెనాల్ గట్టున బోలెడు ఉంది, పారతో నాలుగు దుబ్బులు తెచ్చుకుంటే పైసా ఖర్చు లేదు.

జవాబు, మాంచెస్టర్ నుంచి:

అన్నయ్యా, కొత్తగా వచ్చిన పిల్లాడికి ఆ సలహా వద్దు. ఇక్కడ 1981 నాటి వన్యప్రాణుల, గ్రామీణ ప్రాంతాల చట్టం ప్రకారం స్థలం యజమాని అనుమతి లేకుండా అడవి మొక్కని వేళ్లతో పెకలించడం నేరం. గట్టు మీద మొలిచింది ఎవరిదీ కాదని మనకి అనిపిస్తుంది గానీ ఆ గట్టు ఎవరిదో ఒకరిది. పైగా గట్టున కనిపించేదంతా రష్ కాదు. ఇక్కడివాళ్లు బుల్‌రష్ అనేది మన జమ్ము, కొల్లేటి దగ్గర చూసే ఉంటారు. స్కౌరింగ్ రష్ అని అమ్మేదాన్ని నేలలో అస్సలు పెట్టకండి, అది హార్స్‌టెయిల్ అనే వేరే మొండి మొక్క జాతి, ఒకసారి పాకిందంటే వదిలించుకోలేం, అద్దె ఇంట్లో డిపాజిట్ మీద కూడా ఆశ వదులుకోవాలి.

తమ్ముడూ, నీ నేల సంగతి కూడా చెబుతాను. రీడింగ్ వైపు సున్నపు నీళ్లు, కెటిల్లో తెల్లగా పేరుకోవడం చూసే ఉంటావు. నీ మొక్క కాస్త ఆమ్లం ఉన్న తడి నేలనే ఇష్టపడుతుంది, కాబట్టి కుళాయి నీళ్లకంటే ఇంటికప్పు నుంచి దిగే గొట్టం కింద డ్రమ్ము పెట్టి పట్టిన వాన నీళ్లు మేలు. ఆ మూల చలికాలంలో బురద, వేసవిలో పగుళ్లు అయితే జంకస్ ఇన్‌ఫ్లెక్సస్ అనే ఇంకో రష్ బాగా తట్టుకుంటుంది, నీలం కలిసిన ఆకుపచ్చ, కాడ మీద గీతలు చేతికి తగులుతాయి. రెండిటికీ తేడా తెలియాలంటే ఒక కాడని గోటితో నిలువునా చీల్చు. నీదాంట్లో తెల్లటి బెండు ఏకధాటిగా ఉంటుంది, బాసికాలు చేసే జీలుగు బెండులాగా. దానిదైతే నిచ్చెన మెట్లలా తెగి తెగి ఉంటుంది. ఒకప్పుడు ఇక్కడి పేదలు ఈ బెండునే, పై తోలు ఒక్క చార మాత్రం ఉంచి ఒలిచి, జంతువుల కొవ్వులో ముంచి దీపంలా వెలిగించుకునేవారట. మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టుకి మేం చేసి చూశాం, వంట నూనెతో చేశాం, ఇల్లంతా వాసన.

మే నెలాఖరుకి మొక్కల్ని నేలలోకి దింపు. ముందు ఇంటి ఓనర్‌ని అడిగి మెయిల్లోనే ఒప్పుకోలు తీసుకో. ఒక అడుగు లోతు తవ్వి, పాత కంపోస్ట్ ప్లాస్టిక్ సంచికి అడుగున ఫోర్కుతో నాలుగు చిల్లులు పొడిచి పరిచి, అదే మట్టి మళ్లీ నింపి, అడుగున్నర ఎడంతో నాటు. ఆ సంచి ఉంటే వేసవిలో తడి నిలుస్తుంది. 2022 ఆగస్టులో మీ వైపు హోస్‌పైప్ బ్యాన్, అంటే తోటకి పైపుతో నీళ్లు పట్టకూడదన్న ఆంక్ష, వచ్చింది గుర్తుపెట్టుకో, అలాంటప్పుడు డ్రమ్ములో నీళ్లు ఆదుకుంటాయి. కాడ పక్కనుంచి గోధుమరంగు పూలగుత్తులు వస్తాయి, విత్తనం రాలకముందే కత్తిరించెయ్, లేదంటే పక్కింటివాళ్ల లాన్‌లో కూడా నీ రష్సే.

ప్రశ్న, రీడింగ్ నుంచి (మూడు వారాల తర్వాత):

అక్కా, నాలుగు ముక్కలు చేశాను. మూడు పచ్చగానే ఉన్నాయి, ఒకటి మాత్రం కాడలన్నీ గోధుమరంగుకి తిరిగాయి. పారేయమంటారా?

జవాబు, మాంచెస్టర్ నుంచి:

ఇప్పుడే పారేయకు. పాత కాడలు ఎండితే ఎండనీ, అవి మళ్లీ పచ్చబడవు, మొదటికంటా కత్తిరించి, మిగిలిన మొదలుని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా పైకి లాగి చూడు. లేచి చేతిలోకి వచ్చేస్తే, వేళ్లు నల్లగా మెత్తబడి కంపు కొడితే, అప్పుడు పారెయ్. నీ చేతిని వెనక్కి లాగినట్టు బిగుసుకుని ఉందా, వేళ్లు పట్టాయన్నమాట, నీళ్లు ఒక సెంటీమీటర్ తగ్గించి ఇంకో నెల ఆగు. ఫొటో పెట్టు, కాడలది కాదు, మొదలుది.